ఓడ ఆలస్యమైతే స్టార్లు తగ్గుతాయి

అండమాన్‌లో తెలుగువాళ్ల టిఫిన్ హోటళ్లకు మార్కులు వేస్తున్నది రోజూ తినేవాళ్లు కాదు, ఒక్కపూట అతిథులు

పోర్ట్‌బ్లెయిర్‌లో తెల్లవారడం తొందర. దేశమంతటికీ ఒకటే గడియారం కావడంతో ఇక్కడ సూర్యుడు ఐదు, ఐదున్నరకే పైకొచ్చేస్తాడు. జంగ్లీఘాట్ జెట్టీలో పడవ దిగినవాళ్లకు, పనికి బయల్దేరిన కూలీలకు, ఉదయం డ్యూటీకి వెళ్లే నర్సులకు అప్పటికే ఆకలి. అందుకే పేటల్లోని టిఫిన్ హోటళ్లలో ఇడ్లీ తొలి వాయి చీకటి విడుతుండగానే దిగుతుంది. పూరీ, ఉప్మా, కొబ్బరి చట్నీ, కాస్త పల్చగా సాంబారు. ఎనిమిదయ్యేసరికి సగం సరుకు చెల్లిపోతుంది. సరిగ్గా ఆ వేళకే సెలవులకు వచ్చిన హైదరాబాద్ కుటుంబం లాడ్జి గదిలో కళ్లు నులుముకుంటూ ఉంటుంది. ఫోన్లో దారి చూసుకుంటూ తొమ్మిదిన్నరకు హోటల్ చేరితే మిగిలేవి చల్లారిన నాలుగిడ్లీలు. ఇంకేం, రెండు స్టార్లు. పక్కనే ఓ ఫిర్యాదు: ఇడ్లీ చల్లగా ఉంది, చట్నీలో కొబ్బరి తప్ప ఇంకేం లేదు.

అందులో అబద్ధమేమీ లేదు. అసలు చిక్కు కూడా అదే.

2024 సెప్టెంబర్‌లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. జనం నోట మాత్రం పాత పేరే నలుగుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. వీరిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకో, కూలికో, చిన్న ఉద్యోగానికో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవారు. వాళ్ల వెంట వాళ్ల వంట కూడా వచ్చింది. అయితే వచ్చింది వచ్చినట్టు ఉండిపోలేదు. పేటలోని హోటల్లో తెలుగువాడి పక్క బల్ల మీద బెంగాలీ కూర్చుంటాడు, ఎదురుగా రాంచీ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబంవాడు, మూలన తమిళుడు. ఆర్డర్ చెప్పేది హిందీలో. పూరీలోకి ఆలూ కూర వీళ్లందరికీ నచ్చాలి. అలాంటిచోట ‘అసలైన ఆంధ్రా రుచి’ కోసం వెతికేవారికి నిరాశ తప్పదు. నిజానికి అలాంటి రుచి వడ్డిస్తామని ఆ హోటల్ ఎప్పుడూ బోర్డు పెట్టలేదు.

చట్నీ సంగతే తీసుకుంటే, దీవుల్లో కొబ్బరికి కొదవలేదు. వేరుశనగ మాత్రం ఓడెక్కి రావాలి. మినపప్పు, కందిపప్పు, ఉల్లి, బంగాళాదుంప, మైదా, గోధుమపిండి, నూనె ఇవన్నీ ప్రధాన భూభాగం నుంచి వచ్చేవే. పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం ఎటు చూసినా దాదాపు 1,200 కిలోమీటర్లు. సముద్రం మీద రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది, వాతావరణం బాగుంటే. నైరుతి విరుచుకుపడే నెలల్లోనూ, అక్టోబర్ తర్వాత తుపాన్ల కాలంలోనూ ఆ లెక్క తప్పుతుంటుంది. 2016 డిసెంబర్లో తుపాను ధాటికి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వందల మంది పర్యాటకులు చిక్కుకుపోయి, చివరికి నౌకాదళం ఓడలు పంపాల్సి వచ్చింది. మనుషులకే దారి లేనప్పుడు ఉల్లిపాయకు దారెక్కడిది?

హైదరాబాద్, విజయవాడల్లో హోటల్‌కు వెళ్లేవారికి పల్లీ చట్నీ అడగక్కర్లేకుండా వచ్చే వస్తువు. ఇక్కడ దానికి సరుకు రవాణా ఖర్చు, గోదాము ఖర్చు, ఓడ ఆలస్యం ఖర్చు కలుస్తాయి. హోటల్ యజమాని చేసేదల్లా పల్లీ మానేసి కొబ్బరి పెంచడమే. రోజూ తినేవారికి ఆ మతలబు తెలుసు. పల్లీ చట్నీ కనిపిస్తే ఓడ వచ్చిందన్నమాట.

టీ మీద ఫిర్యాదుదీ ఇదే కథ. పాడి తక్కువైన దీవుల్లో పాలపొడి వాడకం ఎక్కువ. గుంటూరులో గేదెపాల టీకి అలవాటు పడ్డ నాలుకకు అది పట్టుబడుతుంది. నీటిదీ అంతే. పట్టణానికి ప్రధాన ఆధారం ధానీకారీ ఆనకట్ట. వేసవిలో దాని మట్టం పడిపోతే కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు, ఒక్కోసారి అంతకంటే అరుదుగా వస్తాయి. పళ్లెం కడగడం కంటే కాగితం పళ్లెమే చౌక అనిపించే రోజులవి. కాగితం పళ్లెంలో పెట్టారని మళ్లీ ఓ స్టారు కోత.

చేపల పులుసు విషయం ఇంకా తమాషా. చుట్టూ సముద్రం ఉన్నచోట వంజరం, ట్యూనా, కానాగంతలు ఆ పూట దొరికినవి దొరికినట్టు కుండలో పడతాయి. శ్రీకాకుళం తీరం మనిషి దాన్ని చూసి ఇంటికొచ్చినట్టు కూర్చుంటాడు. చెరువు చేప తిని పెరిగిన తెలంగాణ అతిథి నీచు వాసన అని ముఖం తిప్పుకొని కొర్రమీను ఉందా అని అడుగుతాడు. ఒకటే పులుసు, ఒకటే పూట. ఇద్దరి అభిప్రాయాలూ నిజాయతీగలవే. కాకపోతే తేలికగా రాతకెక్కేది రెండోది.

ఎందుకంటే మొదటివాడికి రాయాల్సిన పని లేదు. రోజువారీ ఖాతాదారు తన అభిప్రాయాన్ని గల్లాపెట్టె దగ్గరే చెప్పేస్తాడు. ‘ఏటి బావా, ఈవేళ సాంబారు ఇలాగుంది’ తరహాలో. మర్నాటికి సాంబారు మారుతుంది, మారకపోతే అతను రెండు రోజులు పక్క హోటల్‌కు వెళ్తాడు, మూడో రోజు తిరిగొస్తాడు. అతను చూసే లక్షణాలు కూడా వేరు. ఆరింటికల్లా ఇడ్లీ దిగిందా, చట్నీ రెండోసారి అడిగితే ముఖం చిట్లించారా, పూరీ ధర ఐదు రూపాయలు పెరిగిందా, వేట లేని రోజుల్లో పద్దు రాస్తారా. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలయ్యాక మరబోటు కూలీకి పద్దు పుస్తకమే పెద్ద దిక్కు. పద్దు ఇచ్చే హోటల్‌కు ఎన్ని స్టార్లివ్వాలో ఏ యాప్‌లోనూ గడి లేదు.

పైగా చాలాకాలం యాప్ తెరుచుకునే పరిస్థితే లేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యేదాకా ఈ దీవులు ఉపగ్రహ ఇంటర్నెట్ మీదే నెట్టుకొచ్చాయి. ఒక ఫొటో పంపాలంటే ఓపిక ఉండాలి. దోసె ఫొటో తీసి, దానిమీద నాలుగు వాక్యాలు రాసి అక్కడికక్కడే ఎక్కించడం అప్పట్లో జరిగే పని కాదు. పర్యాటకుడు ఇంటికి వెళ్లాక గుర్తుంటే రాసేవాడు, కోపం చల్లారితే మానేసేవాడు. కేబుల్ వచ్చింది, కోపం చల్లారే వ్యవధి పోయింది. 2023 జులైలో ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులను తట్టుకోగల కొత్త విమానాశ్రయ టెర్మినల్ కూడా వచ్చింది. రాసేవాళ్ల సంఖ్య పెరగడానికి ఇంకేం కావాలి?

రాస్తే ఏమవుతుందట? చాలానే అవుతుందని ఆర్థికవేత్తల లెక్క. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైఖేల్ లూకా 2011లో అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల ఆదాయాన్ని, యెల్ప్ అనే సమీక్షల వెబ్‌సైట్‌లో వాటికొచ్చిన స్టార్లను పక్కపక్కన పెట్టి చూశారు. ఒక స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోందని తేలింది. అయితే ఆ ప్రభావం సొంతంగా నడిచే హోటళ్ల మీదే తప్ప పేరున్న గొలుసు రెస్టారెంట్ల మీద కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. గొలుసు రెస్టారెంట్‌లో ఏం దొరుకుతుందో లోపలికి వెళ్లకముందే తెలుసు. పేటలోని హోటల్ గురించి తెలియదు, కాబట్టి పరాయివాడి మాటే ఆధారం. అంటే అభిప్రాయాల దెబ్బ గట్టిగా తగిలేది దాన్ని కాచుకోలేని చిన్నవాడికే.

చిన్నవాడి మీద మరో బరువు కూడా ఉంది. 2019లో సారా కే అనే పరిశోధకురాలు న్యూయార్క్ రెస్టారెంట్ల మీద యెల్ప్‌లో వచ్చిన 20 వేల సమీక్షలు చదివి, ‘అసలైన’ అనే మాటను జనం ఎలా వాడుతున్నారో పరిశీలించారు. ఫ్రెంచి, ఇటాలియన్ హోటళ్ల విషయంలో ఆ మాట పక్కన హుందాతనం, చక్కటి ఏర్పాట్లు కనిపించాయి. మెక్సికన్, చైనా హోటళ్ల దగ్గరికొచ్చేసరికి ప్లాస్టిక్ స్టూళ్లు, అరకొర వసతులు, చౌక ధరలు ఉంటేనే ‘అసలైన’వట. అమెరికా నగరాల్లో వలస వచ్చినవారి పేటలో చిన్న మెక్సికన్ బేకరీ నడిపే మనిషి ఇబ్బంది ఇక్కడ అర్థమవుతుంది. గవ్వ ఆకారంలో గీతలు పెట్టి చేసే ‘కొంచా’ అనే తీపి బన్ను, దాంతోపాటు నాలుగు టాకోలు. పొరుగువాడికి అది తెల్లవారి తిండి. దూరం నుంచి వచ్చినవాడికి అది వింత, వినోదం. కుర్చీలు మారిస్తే అసలుదనం పోయిందంటాడు, మార్చకపోతే శుభ్రత లేదంటాడు. ధర పెంచితే మరీ ఘోరం.

జంగ్లీఘాట్ టిఫిన్ హోటల్‌కు ఈ బేకరీ ఏమంత దూరపు చుట్టం కాదు. రెండూ వలస వచ్చినవాళ్ల వంటిళ్లే. రెండింటి మీదా తీర్పు చెప్పేవాళ్లు ఎక్కడో చూసిన రుచిని కొలబద్దగా తెచ్చుకుంటారు. ఆ మాటకొస్తే ‘అసలైన తెలుగు రుచి’ అని పట్టుబట్టేవారు గుర్తుంచుకోవాల్సిన ముక్క ఒకటుంది. గుంటూరు ఘాటుకు మూలమైన మిరప, పప్పులో పడే టమాటా రెండింటి పుట్టిల్లూ మెక్సికో వైపే. టమాటా అన్న పేరు కూడా అక్కడి నావాటల్ భాషదే. ఐదు వందల ఏళ్ల కిందట అవీ ఓడలెక్కే బయల్దేరాయి.

తిండి మీద నోరు విప్పడం ఈ దీవుల్లో ఒకప్పుడు ప్రాణాంతకమైన పని. పోర్ట్‌బ్లెయిర్ రేవుకు ఎదురుగా ఉన్న రాస్ దీవిలో (2018 డిసెంబర్ నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) బ్రిటిష్ అధికారుల కోసం నడిచిన బేకరీ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. గోడలను మర్రి జాతి చెట్ల వేళ్లు పెనవేసుకున్నాయి. పర్యాటకులు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. దొరలకు తాజా రొట్టె అందిన రోజుల్లో ఇవతలి ఒడ్డున సెల్యులర్ జైలు ఖైదీలకు దొరికింది గంజి, ముతక తిండి. 1933 మేలో రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షకు దిగినప్పుడు వారి కోర్కెల్లో మనుషులు తినగలిగే తిండి ఒకటి. బలవంతంగా గొట్టాలతో పాలు పోయబోయిన ఆ దీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయారు. 1937లో మళ్లీ దీక్ష. ఆ తర్వాతే ఖైదీలను ప్రధాన భూభాగానికి పంపేయడం మొదలైంది.

ఇక హోటల్ యజమానులంతా అమాయకులనుకుంటే పొరపాటే. ‘ఓడ రాలేదు’ అన్నది కొందరికి సర్వరోగ నివారిణి. బల్ల తుడవకపోవడానికీ, మాడిన నూనె మళ్లీ వాడటానికీ, బేకరీ అద్దాల పెట్టెలో మెత్తబడ్డ పఫ్ ఇంకా ఉంచడానికీ ఓడతో సంబంధం లేదు. ఏడాదికి మూడు మీటర్ల వాన పడే ఊళ్లో గాలిలో తేమ బిస్కట్‌ను గంటల్లో మెత్తబరుస్తుందన్నది నిజమే, నిన్నటి బన్నును ఇవాళ్టిదిగా అమ్మడానికి అది సాకు కాదు. ఇలాంటి చోట పర్యాటకుడి ఫిర్యాదు వల్ల మేలే జరిగింది. రోజువారీ ఖాతాదారు సర్దుకుపోతాడు, మొహమాటపడతాడు, పద్దు బాకీ ఉంటే అసలే నోరెత్తడు. ఒంటరిగా వచ్చిన మహిళకు ఏ హోటల్లో నిశ్చింతగా కూర్చోవచ్చో, ఎక్కడ మరుగుదొడ్డి శుభ్రంగా ఉందో చెప్పేది ఆ స్టార్లే. వాటిని పూర్తిగా కొట్టిపారేయడం కుదరదు.

కుదరనిది ఇంకోటి ఉంది, వాటిని పూర్తిగా నమ్మడం. 2017లో ఊబా బట్లర్ అనే బ్రిటిష్ రచయిత తన పెరట్లోని షెడ్డును రెస్టారెంట్‌గా నమోదు చేసి, మిత్రులతో దొంగ సమీక్షలు రాయించి, ట్రిప్ అడ్వైజర్‌లో లండన్‌లోకెల్లా మొదటి స్థానానికి చేర్చాడు. అప్పటికి అక్కడ ఒక్క ప్లేటు కూడా వడ్డించలేదు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఆన్‌లైన్ సమీక్షల కోసం ఐఎస్ 19000 పేరుతో ఓ ప్రమాణం తెచ్చింది. రాసిన మనిషి నిజమైనవాడో కాదో సరిచూడాలని, డబ్బిచ్చి రాయించుకున్నవి ప్రచురించకూడదని దాని సారాంశం. పాటించడం స్వచ్ఛందమే. దొంగ సమీక్షను పట్టుకోవడం దాని లక్ష్యం కాబట్టి, నిజాయతీగా రాసిన పొరపాటు అంచనాకు అందులో మందు లేదు. తొమ్మిదిన్నరకు వచ్చిన అతిథి నిజమైనవాడే, తిన్నదీ నిజమే, ఇడ్లీ చల్లారిందీ నిజమే.

ఈ లోపు మార్పులు మాత్రం చడీచప్పుడు లేకుండా జరిగిపోతున్నాయి. స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో బీచ్ దారి వెంట కేఫ్‌ల మెనూలు ఎప్పుడో ప్రపంచ పటం చుట్టేశాయి. పీజా, పాస్తా పాతబడ్డాయి. అక్కడ అది సహజం, ఆ దీవి ఆదాయమే పర్యాటకం. పోర్ట్‌బ్లెయిర్ పేటల హోటళ్లకు అదే దారి పడితే లెక్క వేరు. పర్యాటకుడి కోసం ఇడ్లీ ఎనిమిదికి దింపితే ఆరింటి కూలీ ఏం తినాలి? పల్లీ చట్నీ ఏడాది పొడవునా ఉండాలంటే దాని ధర ఎవరు భరించాలి? అల్యూమినియం కుర్చీలు, ఫొటోల మెనూ, గోడకు రంగుదీపాలు వచ్చాక పద్దు పుస్తకం గల్లాపెట్టె కిందికి, అక్కణ్నుంచి అటక మీదికి వెళ్తుంది. ఎవరూ వెళ్లగొట్టరు. వేటగాడే తనంతట తాను రావడం మానేస్తాడు.

పర్యాటకుడి స్టార్లు పర్యాటకుడితోనే పోతాయన్న సంగతి 2020 మార్చి చివర తెలిసొచ్చింది. కోవిడ్ దెబ్బకు విమానాలు, ఓడలు ఆగిపోయాయి. నెలల తరబడి కొత్త అతిథి లేడు. ఆ రోజుల్లో ఏ హోటల్‌కైనా మిగిలింది పేట జనమే, పొట్లం కట్టించుకుపోయే పాత ముఖాలే. విమానాలు తిరిగి మొదలవగానే ఆ ముఖాలను మర్చిపోవడం ఎంత తేలికో కూడా తెలిసింది. సీజన్‌లో ఒక్క పర్యాటక కుటుంబం బిల్లు పది మంది కూలీల టిఫిన్‌కు సాటి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. అలాగని అతణ్ని తప్పుపట్టనూ లేం.

కొందరు మధ్యేమార్గం వెతుకుతున్నారు. తెల్లవారి ఓ వాయి, తొమ్మిదింటికి మరో వాయి. పేటవాళ్లకు పాత ధర, నోటిమాట మీద. బోర్డు మీద ఇంకో ధర. ఇది న్యాయమా అంటే పర్యాటకుడు కాదంటాడు, అతని కోణంలో అది మోసమే. పేటవాళ్లు న్యాయమే అంటారు, వానాకాలంలో హోటల్‌ను బతికించేది తామే కాబట్టి. రెండు ధరల సంగతి బయటపడ్డ రోజున మళ్లీ ఒక స్టారే.

విశాఖ ఓడ నెలకు ఒకసారి అటూ ఇటూగా వస్తుంది. అందులో చుట్టాలు దిగుతారు, ఆవకాయ జాడీలు దిగుతాయి, బస్తాలు దిగుతాయి. తర్వాత నాలుగైదు రోజులు జంగ్లీఘాట్ హోటళ్లలో పల్లీ చట్నీ గిన్నెల్లో చిక్కగా కనిపిస్తుంది, పెనం మీద పెసరట్టు లేస్తుంది. ఆ రోజుల్లో దిగిన అతిథులు ఐదు స్టార్లిచ్చి, ఫొటో పెట్టి, తిరుగు విమానం ఎక్కుతారు. ఆ ఫొటో చూసుకుని పది రోజుల తర్వాత వచ్చినవాళ్లు బల్ల ముందు కూర్చుని, కొబ్బరి చట్నీలో వేలు ముంచి, ఫోన్ బయటికి తీస్తారు.